పదకొండు పొట్టు, ఒక గింజ

ఈ మే నెలలో ఒక సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ సందు మొదట్లో నిలబడి మిర్చి బజ్జీలు తిన్నాను. తిన్నాక వేళ్లకంటిన నూనె తుడుచుకుందామని పొట్లం కాగితం మడత విప్పాను. విప్పాక తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు.

"మీ విభాగంలో గత సంవత్సరం కొన్న చీపుర్ల సంఖ్య తెలుపగలరు. సదరు చీపుర్లు ఎవరెవరికి ఇచ్చినదీ తెలిపే రిజిస్టరు నకలు ఇప్పించగలరు." నీలం సిరా. నిటారుగా నిలబడ్డ అక్షరాలు. 'నకలు' అన్న మాట కింద, స్కేలు పెట్టకుండానే స్కేలు పెట్టినంత తిన్నగా ఒక గీత. అలాంటి గీత గీయగల మనిషిని నేను జీవితంలో ఒక్కరినే చూశాను.

రాష్ట్రం రెండవుతోంది కదా, ఆఫీసుల్లో బీరువాలు దులుపుతున్నారు. పనికిరావనుకున్న కాగితాలు తూకానికి పోతున్నాయి, అక్కణ్ణించి బజ్జీల బండికి వస్తున్నాయి. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా అన్నా?" అని అడిగితే బండాయన నన్ను ఎగాదిగా చూసి, "కాగితాలు ఏం జేస్కుంటవక్కా, ఇంకో ప్లేట్ తిను," అన్నాడు. సిగ్గు విడిచి ఆయన దగ్గరున్న కట్టంతా వెతికాను. అదొక్కటే.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు అవసరమైన చోట తప్ప ఎక్కడా రాయొద్దని నేర్పింది ఆయనే. అందరూ నకల్ సాబ్ అనేవాళ్లు. ఈ ఊళ్లో నకల్ అంటే పరీక్షలో చిట్టీలు పెట్టి రాయడం కూడా. అశోక్‌నగర్ హాస్టల్లో నాతో పాటు గ్రూప్స్‌కి చదివే అమ్మాయిలు ఆ పేరు విని, "ఎవరే ఆ నకల్ సాబు, మనక్కూడా నాలుగు చిట్టీలు సర్దుతాడేమో అడగవే," అని నన్ను ఏడిపించేవాళ్లు.

నేను 2011లో తెనాలి నుంచి కోచింగ్ కోసం వచ్చాను. నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటూనే ఏడాది దొర్లిపోయింది. లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ పట్టుకోవడం తప్ప ఇంకో విద్య పట్టుబడలేదు. అప్పుడు లైబ్రరీ వెనక సందులో, జిరాక్స్ కొట్టు మీది గదిలో, తెలుగు టైపు వచ్చిన మనిషి కావాలన్నారు. అదొక చిన్న స్వచ్ఛంద సంస్థ. రెండు బల్లలు, ఒక కంప్యూటరు, గోడకి ఊరి పటం. రేషన్ లిస్టులోంచి పేరెందుకు పోయింది, పింఛను వస్తోందని ఎవరు సంతకం పెట్టారు, వేశామని రాసుకున్న రోడ్డు అసలు ఎక్కడుంది, ఇలాంటివి బస్తీల వాళ్లు సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకోవడానికీ, తెచ్చుకున్నది చదివి అర్థం చేసుకోవడానికీ సాయం చేసేది. నడిపేది ఒక రిటైరైన లెక్చరర్ మేడం. దరఖాస్తులు రాసేది నకల్ సాబ్. టైపు చేసేది నేను.

ఆయన సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు నక్షాలకి నకళ్లు తీసి రిటైరయ్యారు. పాత పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింది గీత పైకి కనపడుతుంటే దాని మీదే సిరాతో గీయడం ఆ ఉద్యోగం. వెంట్రుకవాసి పక్కకి పోతే ఒకడి గోడ ఇంకొకడి పెరట్లో పడుతుందని చెప్పేవారు. అప్పటి భూతద్దం ఒకటి చొక్కా జేబులో ఉండేది, చిన్నపిల్లల మేజోడు ఒకదాన్లో దోపి. ఆ మేజోడు ఎవరిదని అడిగితే, "కాలు పెద్దగైంది, మేజోడు మిగిలింది," అనేవారు. అంతకుమించి ఇంటి సంగతి ఆయన నోట నేను వినలేదు.

టీ ఎప్పుడూ పూర్తిగా తాగరు. అడుగున ఒక గుటక మిగులుస్తారు. "తాగితే లేవాలె. గుటికెడు ఉన్నదంటే ఇంక జరసేపు కూసోవచ్చు," అని నవ్వేవారు. గోడకి వీపు ఆనించి, తలుపు కనిపించేలా తప్ప కూర్చోరు. ఎవరొచ్చి ఏడ్చినా, "ఏడ్వకు తల్లీ. ఏ కాగితం? ఎవరి దస్కత్? ఏ తారీఖు?" కాగితం, సంతకం, తేదీ, ఈ మూడే అడిగేవారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ముసలావిడ పింఛను పోయిందని గుండెలు బాదుకుంటుంటే తారీఖేమిటి? తర్వాత అర్థమైంది. ఏడుపుకి ఆఫీసు జవాబివ్వదు, తారీఖుకి ఇస్తుంది.

సాయంత్రం ఇంటికెళ్లే తీరు మరీ విచిత్రం. ఆయనుండేది అడిక్‌మెట్‌లో. చిక్కడపల్లి నుంచి తిన్నగా విద్యానగర్ వైపు వెళ్తే సరిపోయే మనిషి, ఒకరోజు నారాయణగూడ మీదుగా, ఇంకోరోజు ఇంకెటో, తలచుట్టూ తిప్పి ముక్కు చూపించినట్టు పోయేవారు.

"ఎందుకు సార్ ఆ చుట్టు? భయమా?" అన్నానొకసారి.

"భయం గాదు బిడ్డా, అలవాటు. రోజు ఒక్క తొవ్వల పోతే తొవ్వ మనల్ని యాద్ పెట్టుకుంటది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నేను చేరిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం, మేడం లేనప్పుడు, తలుపు దగ్గరగా వేసి నాకు అసలు విద్య నేర్పారు. ఏ ఆఫీసుకీ ఒక్క దరఖాస్తు ఎప్పుడూ పంపకూడదు. పన్నెండు పంపాలి. పదకొండింటిలో చీపుర్లెన్ని, కుర్చీలెన్ని, వీధిదీపాలెన్ని, గడియారం ఎప్పుడు బాగు చేయించారు, ఇలాంటివి. పన్నెండోది మనకి కావలసింది. అన్నీ ఒకే కాగితం, ఒకే మడత, అదే నకలు, అదే గీత.

"ఇది పొట్టు," అని పదకొండూ ఒక పక్కకి జరిపారు. "ఇది గింజ. గింజ ఎవలకు కనపడొద్దు. ఏది కరుస్తదో తెల్వకుంటే ఆఫీసు అన్నిటికి జవాబిస్తది."

"పాపం ఆ గుమాస్తా చీపుర్లు లెక్కపెట్టుకోవాలి కద సార్?"

"లెక్కపెట్టనియ్. చీపుర్లు లెక్కబెట్టెటోడు మన జోలికి రాడు." తర్వాత గొంతు తగ్గించారు. "ఈ మాట నీకు, నాకు. మేడంకు గూడ వద్దు. ఆమె మంచిది, మీటింగుల చెప్పేస్తది."

నిజంగానే మేడం మంచిది. నకల్ సాబ్‌కి చీపుర్లంటే ఏదో చాదస్తమని ఆఖరి దాకా నమ్మింది. పెద్దాయన ముచ్చట ఎందుకు కాదనాలని ఊరుకునేది.

నిజం చెప్పాలంటే నేనూ చాదస్తమనే అనుకున్నాను. చట్టం మనవైపుంది, కారణం చెప్పక్కర్లేదని సెక్షను చెబుతోంది, ఇంకా ఈ దొంగచాటు ఏమిటని. సివిక్స్ పుస్తకాలు కంఠతా పట్టిన రోజులు అవి. పుస్తకంలో ఉన్నది వీధిలోనూ ఉంటుందనుకునే వయసు.

2012 వానాకాలం చివర్లో యాదమ్మక్క వచ్చింది. అశోక్‌నగర్‌లో మా హాస్టల్ ముందే ఆమె ఇస్త్రీ బండి. నాలా, అంటే మురుగుకాలువ, ఒడ్డున వరసగా ఆరిళ్లు, వాటిలో మూడోది ఆమెది. ఒక పొద్దున లేచి చూస్తే గోడల మీద పసుపు రంగుతో నంబర్లు వేసి ఉన్నాయట. వెనకాలే నోటీసు. ఇల్లు నాలాలో ఉంది, నెల రోజుల్లో ఖాళీ చేయాలి. నలభై ఏళ్ల ఇల్లు నాలాలో ఎప్పుడు పడిందో ఆమెకి అంతుబట్టలేదు. ఆ నోటీసుని చీర కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. మడత కూడా లేకుండా ఇస్త్రీ చేసి తెచ్చింది.

నకల్ సాబ్ దాన్ని వేలితో నిమిరి, "ఇంత సాఫ్ కాగితం ఏ ఆఫీసోడు జల్మల చూసుండడు," అన్నారు. యాదమ్మక్క ఏడుస్తూనే నవ్వింది.

నోటీసుతో ఒక చిన్న నక్షా ఉంది. ఆయన మేజోడులోంచి భూతద్దం తీశారు. చాలాసేపు చూశారు. టీ చల్లారిపోయింది.

"నాలా గిట్ల పోదు," అన్నారు. "దీని పాత నక్షా నేను తీసిన. నా పెండ్లయిన ఏడాది. గిక్కడ నాలా అవతలికి వంగుతది. ఎవడో దాన్ని ఇవతలికి తెచ్చిండు." నాలాకి అవతల ఆ ఏడే ఒక కొత్త అపార్ట్‌మెంట్ లేస్తోంది. పాత వంపు దాని జాగాలోనే పడుతుంది. "గీతకు కాళ్లొచ్చినయ్ బిడ్డా," అన్నారంతే.

కావలసింది ఒకే ఒక్క కాగితం, ఆ పాత నక్షా నకలు. అది చేతికొస్తే ఆరిళ్లూ నిలుస్తాయి. రాకపోతే నెల దాటగానే కూలుతాయి. గింజ ఆయన ఆ రోజే రాసి నాకు టైపుకి ఇచ్చారు. పొట్టు ఇంటి దగ్గర రాసి పొద్దున తెస్తానన్నారు, అన్నీ కలిపి తన పేరు మీదే పంపుదామన్నారు.

పొద్దున బంద్. ఆ మర్నాడూ బంద్. బస్సులు లేవు, ఆయన రాలేదు. మూడో రోజు యాదమ్మక్క పరుగెత్తుకొచ్చింది. "టేపులు పట్టుకొని వచ్చిండ్రమ్మా, మా గోడ కొలుస్తున్నరు!"

అప్పుడు నేను చేసిన పనిని ఇప్పటికీ నేనే నమ్మలేను. నెల రోజుల్లో మూడు పోయాయి, ఆఫీసుకి జవాబివ్వడానికి చట్టం ఇచ్చిన గడువూ నెలే, ఒక్కో రోజూ విలువే అనుకున్నాను. అది ఒక కారణం. రెండోది, చీపుర్లు లేకపోతే కొంప మునుగుతుందా అన్న నా పొగరు. మా కరపత్రంలో 'ప్రజలే అడగాలి' అని ఉండేది, అది నేనే టైపు చేశాను. "అడిగే హక్కు నీదే యాదమ్మక్కా, నీ పేరు మీదే పెడదాం," అని ఆమె పేరూ, ఇంటి నంబరూ రాసి, సంతకం పెట్టించి, నడుచుకుంటూ వెళ్లి ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకొచ్చాను. ఒక్కటే. గింజ ఒక్కటే.

మర్నాడు ఆయన వచ్చారు. చేతిలో పదకొండు కాగితాల కట్ట. నేను గర్వంగా ముద్ర చూపించాను. ఆయన భూతద్దం తీసి పేరున్న చోట పెట్టి చూశారు, మామూలు కంటికి కనపడనిదేదో అక్కడ ఉన్నట్టు. కూర్చున్నారు. టీ వచ్చింది. ఆ రోజు మొదటిసారి గ్లాసు అడుగంటా తాగేశారు.

"కోళ్ల ముందట గింజ ఒక్కటే చల్లినవా బిడ్డా," అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ తర్వాత నాలుగో రోజున ఇద్దరు మనుషులు యాదమ్మక్క బండి దగ్గరికి వచ్చారు. చెరో చొక్కా ఇచ్చి, ఆమెని పేరు పెట్టి పిలిచి, "మూడో ఇల్లు నీదే గదా? ఇస్త్రీ చేసి పెట్టు, మళ్ల వస్తం," అని పోయారు. ఆమె వాళ్లనంతకు ముందెప్పుడూ చూడలేదు. పెట్టె కాల్చి ఒక చొక్కా పరిచాక జేబులో ఏదో తగిలింది. తీసి చూస్తే ఆమె దరఖాస్తే. జిరాక్సు. ఆమె సంతకం, ఇంటి నంబరు, ఆఫీసు ముద్ర.

వాళ్లు ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. రెండు చొక్కాలు బండికి వేలాడుతూనే ఉన్నాయి. నేను హాస్టల్ గేటు దాటిన ప్రతిసారీ అవి గాలికి కదులుతూ కనిపించేవి. యాదమ్మక్క వాటి వైపు వీపు పెట్టి ఇస్త్రీ చేసేది.

నకల్ సాబ్ మూడు రోజులు కుర్చీలోంచి లేవలేదు. టైపుకి ఇవ్వకుండా నలభై దరఖాస్తులు చేత్తోనే రాశారు, నలభైకీ తన పేరే. పాత నక్షా అడిగేది వాటి మధ్యలో ఎక్కడో ఉంది. యాదమ్మక్క పేరు మీద వెళ్లినది పొరపాటున వెళ్లిందని, ఆ ప్రశ్న తనదేనని వేరే ఉత్తరం రాసి తనే ఆఫీసులో ఇచ్చి వచ్చారు. వస్తూ బండి దగ్గర ఆగి, ఆ రెండు చొక్కాలూ చేతి మీద వేసుకున్నారు. "వాళ్లొస్తే నా దగ్గరికి పంపు. చొక్కాలు నకల్ సాబ్ కాడ ఉన్నయని చెప్పు." గదిలో తన కుర్చీ వెనక మేకుకి తగిలించారు.

వాళ్లు ఒక మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చారు. నేను టైపు చేస్తున్నాను. ఆ మనుషుల మొహాల్లో ఏమీ లేదు, అదే ఇప్పటికీ గుర్తు. బస్సులో పక్కన నిలబడితే మర్చిపోయే మొహాలు.

"నకల్ సాబ్ ఎవరు?"

"నేనే. మీ అంగీలు తయారున్నయ్."

ఒకడు చొక్కా తీసుకుని జేబు తడిమాడు. "దీన్ల ఒక కాగితముండె."

"ఉన్నది, చూడు. అది నీదే, నేను నకలు తీసుకున్న," అన్నారాయన.

వాడు నవ్వాడు. గోడ మీది పటం చూశాడు, తలుపు చూశాడు, నన్ను చూశాడు. "ఈ మేడం రోజు వస్తరా ఇక్కడికి?"

నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఆయన మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆమెదేముంది, పరీక్షలకు సదువుకునే పిల్ల. ఫ్యాను గాలికి వచ్చి కూసుంటది. ఇక్కడ రాసెటోణ్ణి నేనొక్కణ్ణే," అన్నారు.

వాళ్లు చొక్కాలు మడిచి పట్టుకుని దిగిపోయారు. మెట్ల చప్పుడు ఆగేదాకా ఆయన కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు. ఆ మనిషికి భయం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడవడం నేను చూశాను.

ఖాళీ చేయాల్సిన గడువు దాటకముందే జవాబులు ఒకే పెద్ద కవర్లో వచ్చాయి. విసిగిపోయిన గుమాస్తా ఎవరో నలభైకీ నలభై జవాబులు కట్టగట్టి పంపేశాడు. చీపుర్లు, బల్బులు, కుర్చీలు, వాటి మధ్యలో పాత నక్షా. నాలా అవతలికే వంగి ఉంది. మూలన నకలు తీసిన వాడి పొట్టి సంతకం, ఆయనదే, పడుచు వయసుది. దాన్ని పట్టుకుని ఆరిళ్ల వాళ్లూ వెళ్లారు. నోటీసు ఆగింది. గోడ మీది పసుపు నంబర్లు మాత్రం ఎవరూ చెరపలేదు.

ఆ తర్వాత మూడు వారాలకి, చీకటి పడే వేళ, అడిక్‌మెట్‌లో ఆయన ఇంటి సందు మొదట్లో ఏదో బండి గుద్దేసి పోయింది. గుర్తు తెలియని వాహనం అని పేపర్లో రెండు వాక్యాలు పడ్డాయి. ప్రమాదమే కావచ్చు. ఆ సందులో వెలుతురు తక్కువే. కానీ నేను ఆ రాత్రంతా ఒకటే అనుకున్నాను. ఆయన ఏ రోజు ఏ తొవ్వలో వెళ్తారో ఎవరూ చెప్పలేరు. ఎన్ని తొవ్వలు మార్చినా చివరికి ఇంటి సందు ఒక్కటే కదా.

ఆ కేసు ఏమైందో అడగడం నాకు చేతనైన పనే. ఏ కాగితం, ఎవరి దస్కత్, ఏ తారీఖు, అన్నీ తెలుసు. అడగలేదు. కొన్నాళ్లకి ఇంటి యజమాని సంస్థ గది ఖాళీ చేయమన్నాడు, మేడం ఎదురు చెప్పలేదు. నేను అదే హాస్టల్లో ఉండి, ఒక కోచింగ్ సెంటర్లో సివిక్స్ చెప్పుకుంటున్నాను. పౌరులకి సమాచారం అడిగే హక్కు ఉందని రోజూ రెండు బ్యాచ్‌లకి చెబుతాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపిస్తుంది.

బజ్జీల కాగితం మీద తారీఖు ఉంది. ఆ మూడు రోజుల్లోదే. నా తప్పు కప్పడానికి ఆయన రాసిన నలభైలో ఒకటి. దాన్ని తీసుకెళ్లి యాదమ్మక్కకి చూపించాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కొంగుతో నూనె అద్దింది. "మరక పోదు బిడ్డా," అంది. తర్వాత, నా మొహం చూడకుండా, "మా ఆరిండ్లు నిలవడ్డయి. ఆయన కాగితమే ఎవలు అడగలే. నువ్వన్న అడిగినవా?" అంది.

వారం పట్టింది. పదకొండు పొట్టు రాశాను. మొదటిది చీపుర్ల గురించి, ఆయన మాటలే, మార్చకుండా. పన్నెండోది, ఆయన్ని గుద్దిన కేసులో ఏం తేల్చారో ఆ నివేదిక నకలు. ఫీజు స్టాంపులు అంటించి, అన్నీ ఒకే మడత పెట్టి, పోలీసుల ఆఫీసు ఒకదానికి తీసుకెళ్లాను. అక్కడా బీరువాలు తెరిచి ఉన్నాయి, నేల నిండా కట్టలు. గుమాస్తా పెద్దమనిషి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని ఉన్నాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు. కాగితాలు లెక్కపెట్టాడు. పన్నెండు. ఒక్కటీ మడత విప్పలేదు.

"పొట్టు సరే," అన్నాడు, తలెత్తకుండా. "గింజ ఏదమ్మా?"

ఆ మాట మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఎక్కడా కాగితం మీద పెట్టలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. అంటే ఆయన చెప్పారు. ఎవరికి చెప్పారో, ఎక్కడ కూర్చోబెట్టి, ఎలా అడిగితే చెప్పారో. ఆ మూడు వారాల్లో ఒక్కరోజు కూడా గదికి రావడం మానలేదే, నాతో ఒక్క ముక్క అనలేదే. మాట చెప్పినా నా పేరు మాత్రం చెప్పి ఉండరు. చెప్పి ఉంటే ఈ ఏడాదిన్నరా నా దగ్గరికి ఎవరో ఒకరు ఇస్త్రీకో దేనికో వచ్చేవాళ్లు.

"ఎవరన్నారండీ ఆ మాట?" అన్నాను.

"ఏ మాట?" అన్నాడు అతను, ముద్ర చేతిలోకి తీసుకుంటూ.

లేచి వచ్చేయొచ్చు. పన్నెండూ తీసుకుని వచ్చేసి, బజ్జీల బండాయనకి ఇచ్చేయొచ్చు. నేను అడుగునున్న కాగితం తీసి, మడత విప్పి, అన్నిటి పైనా పెట్టాను.

అతను కళ్లజోడు కిందికి దించుకుని మొత్తం చదివాడు. పేరు దగ్గర వేలు ఆపాడు. "మీదేనా?"

"నాదే."

"హాస్టల్ అడ్రసా?"

"అవునండి."

ముద్ర వేశాడు. ముద్ర పడిన నకలు మడిచి నాకిచ్చి, "జాగ్రత్తమ్మా," అన్నాడు. ఏది జాగ్రత్తో చెప్పలేదు.

ఆ సాయంత్రం నేను హాస్టల్‌కి నారాయణగూడ మీదుగా, పెద్ద చుట్టు తిరిగి నడిచాను. తిరిగి తిరిగి, చీకటి పడే వేళకి, మా సందు మొదట్లోకే వచ్చాను. హాస్టల్‌కి ఉన్నది ఆ సందొక్కటే.